పప్పులు బాగానే ఉడుకుతున్నాయి

మీ ఇల్లు కెనడాలోని ఓంటారియోలో ఉందనుకోండి. మే నెల వచ్చింది. మంచు పోయింది. వాకిట్లో పచ్చిక నిండా పసుప్పచ్చని డాండెలయన్ పూలు. పక్కింటాయన పచ్చిక చూస్తే క్యారమ్ బోర్డులా నున్నగా ఉంది. మీకు కడుపు మండింది. కలుపు మందు తెచ్చి కొట్టేద్దామనుకున్నారు.

కొట్టండి చూద్దాం!

2009 ఏప్రిల్ 22, ధరిత్రీ దినోత్సవం నాటి నుంచి అక్కడ వాకిటి అందం కోసం కలుపు మందు కొట్టడం నిషిద్ధం. 2,4-డి కుదరదు. గ్లైఫోసేట్ కూడా కుదరదు, ఒళ్ళంతా దద్దుర్లు లేపే పాయిజన్ ఐవీ లాంటి వాటి మీద తప్ప. ఎందుకయ్యా అంటే, ఆ గడ్డి మీద పిల్లలు ఆడతారు, కుక్కలు పొర్లుతాయి. నిజమే కదా? దండం పెట్టాల్సిన చట్టం. గోల్ఫ్ మైదానాలకు మాత్రం మినహాయింపు. షరతులతోనే లెండి. పెద్దమనుషుల బంతి దొర్లే చోట పిల్లలకేం పని?

ఇక వంటింట్లోకి రండి. కుక్కర్‌లో ఎర్రపప్పు ఉడుకుతోంది. మసూర్ పప్పు, మైసూర్ పప్పు, ఎవరి వాడుక వారిది. అది సస్కాచెవాన్ రాష్ట్రంలో పండింది. కెనడా మసూర్‌లో సింహభాగం అక్కడిదే. కోతకు ముందు ఆ చేను మీద గ్లైఫోసేట్ కొట్టుకోవచ్చు. చట్టమే ఒప్పుకుంది. కుక్క పొర్లే గడ్డికి వద్దు. మనిషి తినే పప్పుకు ముద్దు.

ఇదేం లెక్క?

మసూర్ చేను ఒక్కసారిగా పండదు. కింద కాయ ఎండుతుంటే పైన ఇంకా పూత ఉంటుంది. సస్కాచెవాన్‌లో వెచ్చని కాలమే తక్కువ. సెప్టెంబరు వస్తే మంచు భయం. చేను దానంతట అది ఎండేదాకా కూర్చునే ఓపిక ఎవరికుంది? మందు కొడితే కలుపూ చస్తుంది, పచ్చిగా మిగిలిన మొక్కా చస్తుంది. కోత యంత్రం సాఫీగా పోతుంది. లేబుల్ మీద పద్ధతంతా రాసే ఉంటుంది. గింజలో తేమ 30 శాతం లోపుకు దిగాకే కొట్టాలట. కొట్టాక కనీసం వారం ఆగి కోయాలట. తొందరపడి ముందే కొడితే మందు ఆకులోంచి గింజలోకి దిగుతుంది. మరి ఒకే చేలో ఒక మూల ఎండి, ఇంకో మూల పచ్చిగా ఉంటే? వందల ఎకరాల్లో మూలమూలా తేమ కొలిచేదెవరు? కాయలన్నీ లేబుల్ చదువుకుని ఒకే రోజు ఎండుతాయా?

కెనడా ఆహార తనిఖీ సంస్థ 2015-16లో 3,188 ఆహార నమూనాలు పరీక్షించింది. 29.7 శాతంలో గ్లైఫోసేట్ ఆనవాళ్ళు కనిపించాయి. చిక్కుడు గింజలు, బఠానీలు, పప్పుల దగ్గరికొచ్చేసరికి 47 శాతం దాటాయి. పరిమితి మించినవి మాత్రం మొత్తం మీద 1.3 శాతమే. ఇంకేం? నూటికి తొంభై ఎనిమిది మార్కులు! చప్పట్లు కొట్టండి. కొట్టాక ఒక్క ప్రశ్న. ఆ పరిమితి అనే గీత ఎవరు గీశారు? ఎవరడిగితే జరుగుతుంది?

2021 జులైలో తెలిసింది. కెనడా ఆరోగ్య శాఖ కింద పురుగుమందుల నియంత్రణ సంస్థ ఒకటుంది. పీఎంఆర్‌ఏ అంటారు. మసూర్‌లో కిలోకు 4 మిల్లీగ్రాములున్న గ్లైఫోసేట్ పరిమితిని 10 చేద్దామని అది ప్రతిపాదించింది. రెండున్నర రెట్లు! అడిగిందెవరు? పప్పు తినే తల్లులా? డాక్టర్లా? బేయర్. 2018లో గ్లైఫోసేట్ అమ్మే మోన్‌శాంటోను కొనేసిన బేయర్.

మా ఊళ్ళో ఒక కిరాణా కొట్టు ఉండేది. సరుకు తక్కువ తూగుతోందని గొడవ చేస్తే, కొట్టాయన సరుకు పెంచేవాడు కాదు. తూకం రాయి మార్చేవాడు. మేం ఆయన్ని దొంగ అనేవాళ్ళం. పాపం, ఒట్టావాలో పుట్టి ఉంటే నియంత్రణాధికారి అయ్యేవాడు.

జనం తిరగబడ్డారు. ఆగస్టు 4న ప్రభుత్వం ఆ ప్రతిపాదనను ఆపింది. పదకొండు రోజులకు ఎన్నికల నగారా మోగింది. కాకతాళీయమే లెండి. ఇంకో మాట. ఆపింది అన్నాను. రద్దు చేసింది అనలేదు.

ఎక్కడో కెనడా గొడవ మనకెందుకు అంటారా? మసూర్ ఎగుమతిలో ప్రపంచానికి పెద్దన్న కెనడా. దాని పెద్ద ఖాతాదారుల్లో మనం ఒకరం. బఠానీలూ వస్తాయి. శనగపిండిలో బఠానీ పిండి కలపడం మన వ్యాపారులకు కొత్త విద్యా? మిరపకాయ బజ్జీ కొరికినప్పుడల్లా మీరు సస్కాచెవాన్ రుచి చూస్తున్నారేమో, ఎవరికి తెలుసు! దిగుమతి పప్పుల్లో గ్లైఫోసేట్ సంగతి చూడమని మన ఆహార భద్రతా సంస్థ గట్టిగా చెప్పింది 2018 అక్టోబరులో. అప్పుడు కూడా గీత మనది కాదు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ప్రమాణాల నుంచి అరువు తెచ్చుకున్నది. మసూర్‌కు కిలోకు 5 మిల్లీగ్రాములు. అంటే కెనడా తన గీతను 10కి జరిపి ఉంటే, అక్కడ భేషైన పప్పు ఇక్కడ నేరమయ్యేది. ఒకే గింజ. అట్లాంటిక్ అవతల ఆరోగ్యం, ఇవతల విషం. శాస్త్రం ఓడెక్కగానే మారిపోతుందా?

అసలు కడుపు మంట ఇది కాదు. ఈ జాగ్రత్త పాఠం కెనడాకు నేర్పినవాళ్ళలో మనమూ ఉన్నాం. నవ్వకండి.

మాంట్రియల్ పక్కన హడ్సన్ అని చిన్న ఊరు. అక్కడ జూన్ ఇర్విన్ అనే చర్మవ్యాధుల డాక్టరమ్మ. పేషెంట్ల దద్దుర్లు చూసీ చూసీ ఆమెకు పచ్చికల మీది మందుల మీద అనుమానం వచ్చింది. 1985 నుంచి పురపాలక సమావేశాలకు వెళ్ళి ఒకటే అడిగేది. ఈ మందులు ఆపండి. నెల తర్వాత నెల. ఏడాది తర్వాత ఏడాది. ఇవాళైతే ఆవిడను వాట్సాప్ గ్రూపులోంచి తీసేసేవాళ్ళు. హడ్సన్ వాళ్ళు మంచివాళ్ళు. ఆరేళ్ళు విన్నారు, 1991లో చట్టం చేశారు. అందం కోసం మందు కొట్టకూడదు.

పచ్చిక కంపెనీలు ఊరుకుంటాయా? కెమ్‌లాన్, స్ప్రేటెక్ కోర్టుకెక్కాయి. గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. 2001 జూన్ 28న ఏడుగురు న్యాయమూర్తులూ ఊరి వైపే నిలబడ్డారు. హాని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు, ముందే జాగ్రత్త పడొచ్చు అనే ముందుజాగ్రత్త సూత్రాన్ని జస్టిస్ లూరో-దుబే తన తీర్పులో ప్రస్తావించారు. ఆ సూత్రానికి అంతర్జాతీయంగా ఉన్న బలం చెప్పడానికి ఆమె చూపిన తీర్పుల్లో ఒకటి ఏమిటో తెలుసా? ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ నాయుడు. 1999లో మన సుప్రీంకోర్టు ఇచ్చింది. రాసింది తెలుగు న్యాయమూర్తి జస్టిస్ జగన్నాధరావు. హైదరాబాద్‌కు నీళ్ళిచ్చే హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్‌ల ఎగువన ఒక నూనె ఫ్యాక్టరీ పెట్టొచ్చా పెట్టకూడదా అన్న తగవు అది.

హిమాయత్ సాగర్ నీళ్ళు హడ్సన్ పచ్చికను కాపాడాయి! మీసం తిప్పండి. తిప్పారా? ఇక దించండి. అవే చెరువుల పరీవాహకంలో 84 గ్రామాలను కాపాడుతూ వచ్చిన 111 జీవో ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో మన తెలంగాణ ప్రభుత్వమే ఎత్తేసింది. సూత్రాన్ని కెనడాకు పంపేశాం. బదులుగా వాళ్ళు పప్పు పంపారు. బేరం కుదిరింది.

ఆ సూత్రంలో ఒక కీలకం ఉంది. హాని లేదని నిరూపించాల్సిన భారం హాని చేసే పని తలపెట్టినవాడిదే. కెనడా దాన్ని పచ్చిక దాకా తెచ్చి, పొలం గట్టు దగ్గర ఆపేసింది. గట్టు అవతల భారమంతా తినేవాడిది. ఎలాగో చూడండి. 2015 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం గ్లైఫోసేట్‌ను మనుషుల్లో బహుశా క్యాన్సర్ కారకం అంది. అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు మాత్రం, మామూలుగా వాడితే ఆ ప్రమాదం కనిపించడం లేదన్నాయి. పండితుల్లో తగాదా. ఇలాంటప్పుడే కదా ముందుజాగ్రత్త కావాలి? పీఎంఆర్‌ఏ 2017 ఏప్రిల్‌లో మరో పదిహేనేళ్ళకు పచ్చజెండా ఊపింది.

అదే ఏడాది అమెరికా కోర్టుల్లోంచి మోన్‌శాంటో అంతర్గత మెయిళ్ళు బయటపడ్డాయి. గ్లైఫోసేట్ సురక్షితమని 2000లో ముగ్గురు శాస్త్రవేత్తల పేర్లతో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. అందులో ఒకాయన కెనడా వాడే, మిసిసాగాలోని కాంటాక్స్ అనే సలహా సంస్థ మనిషి. ఆ సమీక్ష రాతలో కంపెనీ చెయ్యి ఎంతుందో ఆ మెయిళ్ళలో కంపెనీ వాళ్ళే చెప్పుకున్నారు. పెళ్ళికొడుకు తరఫు వాళ్ళే పెళ్ళికూతురి తరఫున జాతకం రాసినట్టు. అభ్యంతరాలు వెల్లువెత్తాయి. పీఎంఆర్‌ఏ ఇరవై మంది సొంత శాస్త్రవేత్తలను కూర్చోబెట్టింది. 2019 జనవరిలో తేల్చింది. ఏమీ లేదు, పొండి. చివరికి 2025లో దాన్ని అచ్చేసిన పత్రికే ఆ సమీక్షను వెనక్కి తీసుకుంది. పాతికేళ్ళు పట్టింది. పాతికేళ్ళలో ఎన్ని పంటలు? ఎన్ని కుక్కర్లు?

కోర్టులు మొట్టికాయలు వేయలేదా? వేశాయి. కోతకు ముందు పప్పుల మీద మందు కొట్టడం మీద సేఫ్ ఫుడ్ మ్యాటర్స్ అనే చిన్న సంస్థ వేసిన అభ్యంతరాలను తోసిపుచ్చిన తీరు సరిగా లేదు, మళ్ళీ చూడండని 2022 ఫిబ్రవరిలో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు అంది. 2025 ఫిబ్రవరిలో ఇంకో కోర్టు ఇంకో గ్లైఫోసేట్ మందు లైసెన్సు పొడిగింపును తప్పుపట్టింది. కొత్త పరిశోధనలు ముందు పెట్టినా వాటిని పట్టించుకున్న దాఖలా ఏదీ అని. ఆ మందు పేరు మ్యాడ్ డాగ్ ప్లస్. తెలుగు చేసి చూసుకోండి. నేను కల్పించినా ఇంత బాగా కుదరదు.

మధ్యలో సలహా సంఘం ముచ్చట. 2021 గొడవ చల్లార్చడానికి ప్రభుత్వం స్వతంత్ర శాస్త్రవేత్తలతో ఒక కమిటీ వేసింది. మన దగ్గరా అంతే కదా, కోపమొస్తే కమిటీ. దాని సహాధ్యక్షుడు డాక్టర్ బ్రూస్ లాన్‌ఫియర్, సీసం పిల్లల మెదళ్ళను ఏం చేస్తుందో తేల్చడానికి బతుకు ధారపోసిన మనిషి. 2023లో ఆయన రాజీనామా పారేశాడు. ఈ కమిటీలో నేనుంటే జనానికి లేనిపోని ధీమా కలుగుతుందని దాని సారాంశం. ముఖానికి పౌడరు డబ్బాగా ఉండనన్నాడు.

ఇక లేబుల్ పురాణం. కెనడాలో ఏ మందు గురించి అడిగినా జవాబు ఒకటే. లేబుల్ ప్రకారం వాడితే ప్రమాదం లేదు. క్యూబెక్ రాష్ట్రం పచ్చికల మీద 2,4-డిని నిషేధించింది. డౌ ఆగ్రోసైన్సెస్‌కు కోపమొచ్చింది. ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద కెనడా మీదే కేసు. అడిగింది 20 లక్షల డాలర్లు. 2011లో రాజీ. డౌకు పైసా రాలేదు. నిషేధం పోలేదు. మరి డౌకు దక్కిందేమిటి? లేబుల్ ప్రకారం వాడితే 2,4-డితో అంగీకరించలేని ప్రమాదం లేదని క్యూబెక్ ప్రభుత్వం నోట ఒక వాక్యం. ఆ వాక్యం కోసం అంత పెద్ద కంపెనీ మూడేళ్ళు పోరాడింది. మాటకు విలువ లేదన్నదెవరు?

లేబుల్‌ను దుప్పి చదువుతుందా? అడవుల్లోనూ గ్లైఫోసేటే మరి. చెట్లు నరికేశాక పైన్, స్ప్రూస్ నాటుతారు. మధ్యలో ఆస్పెన్, బర్చ్ వాటంతటవే మొలుస్తాయి. అవి మిల్లులకు అంతగా అక్కరకు రావు, కనుక కలుపు. హెలికాప్టర్‌తో గ్లైఫోసేట్. ఆస్పెన్ ఆకులో తడి ఎక్కువ. పైన్‌లో జిగురు ఎక్కువ. అడవి అంటుకుంటే ఏది అడ్డుపడుతుందో, ఏది భగ్గుమంటుందో పొయ్యిలో కట్టెలు పెట్టిన ఏ అవ్వనడిగినా చెబుతుంది. అడ్డుపడేదాన్ని చంపి, భగ్గుమనేదాన్ని పెంచి, వేసవి రాగానే పొగలో దగ్గుతూ మంటలెందుకు పెరిగాయని సదస్సులు! ఉత్తర బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో లీసా వుడ్ బృందం, మందు కొట్టిన ఏళ్ళ తర్వాత కూడా అడవి మొక్కల్లో దాని శేషాలు కనుగొంది. హ్యూరాన్ సరస్సు ఉత్తర తీరాన ఆదివాసీ పెద్దలు ఈ చల్లుడు వద్దని ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. వాళ్ళ పళ్ళు, వాళ్ళ మందాకులు, వాళ్ళ దుప్పులు. క్యూబెక్ మాత్రం తన ప్రభుత్వ అడవుల్లో 2001లోనే రసాయనాలు ఆపేసింది. కలుపును మనుషులు కోస్తారు. అక్కడ అడవి ఆగిపోలేదు, మిల్లులూ ఆగిపోలేదు.

పక్కనే న్యూ బ్రన్స్‌విక్. అక్కడి ప్రధాన ఆరోగ్యాధికారి డాక్టర్ ఐలిష్ క్లియరీ గ్లైఫోసేట్ సంగతి తేల్చడానికి అధ్యయనం మొదలుపెట్టింది. 2015 డిసెంబరులో ఉద్యోగం పోయింది. రెంటికీ సంబంధం లేదంది ప్రభుత్వం. అలాగే అనుకుందాం. మన దగ్గర బదిలీలు కూడా సంబంధం లేకుండానే జరుగుతుంటాయి.

ఆ న్యూ బ్రన్స్‌విక్‌లోనే గేజ్‌టౌన్ సైనిక స్థావరం. వియత్నాం అడవులను మాడ్చడానికి అమెరికా తయారు చేసిన ఏజెంట్ ఆరెంజ్‌ను ఇక్కడా పరీక్షించారు. 1966లో మూడు రోజులు, 1967లో నాలుగు రోజులు. వారం రోజులేగా అంటుంది ప్రభుత్వం. కానీ ఏజెంట్ ఆరెంజ్ అంటే ఏమిటి? 2,4-డి, 2,4,5-టి చెరిసగం. డయాక్సిన్ విషం ప్రధానంగా ఆ రెండోదాని వెంట వచ్చింది. పొదలు పెరగకుండా కెనడా సైన్యం అదే స్థావరంలో 1956 నుంచి 1984 దాకా కలుపు మందులు చల్లుతూనే ఉంది. వారం రోజులది విషం, ఇరవై ఎనిమిదేళ్ళది తోటపనా?

ఉత్తర ఓంటారియోలో ఇంకో చోద్యం. కాగితం కంపెనీ అడవుల మీద విమానాలు ఆ రసాయనాలే చల్లుతుంటే, ఎక్కడ చల్లాలో పైలట్‌కు తెలియడానికి కింద కుర్రాళ్ళను నిలబెట్టారు. వేసవి సెలవుల్లో నాలుగు డాలర్లు సంపాదించుకుందామని వచ్చిన పిల్లలు. చేతుల్లో దారాలు, దారాలకు ఎర్ర బుడగలు. పైనుంచి మందు వాన. 2011లో టొరంటో స్టార్ పత్రిక బయటపెట్టేదాకా ఈ సంగతి దేశానికి తెలియదు. తిరునాళ్ళలో బుడగలు అమ్ముతారు. వీళ్ళు బుడగల కింద పిల్లల్ని పెట్టారు.

గేజ్‌టౌన్ బాధితులకు 2007లో పరిహారం ప్రకటించారు. మనిషికి ఒకేసారి 20,000 డాలర్లు. తప్పు ఒప్పుకున్నట్టు కాదు, దయతో. షరతులేమిటి? ఆ 1966, 67 వేసవుల్లో స్థావరంలోనో, చుట్టూ 5 కిలోమీటర్ల లోపో ఉండాలి. జాబితాలో ఉన్న జబ్బే రావాలి. అన్నిటికీ మించి, 2006 ఫిబ్రవరి 6 నాటికి బతికి ఉండాలి. ఆ తేదీ ఏమిటి? ఏదైనా వైద్య రహస్యమా? ఆ పరిహారమిచ్చిన ప్రభుత్వం గద్దెనెక్కిన రోజు! దానికి ముందు రోజు పోయినవాడు పాత ప్రభుత్వం శవం. వాడితో మాకేం పని? నలభై ఏళ్ళు క్యాన్సర్‌తో ఓపిక పట్టావు, ముహూర్తం చూసుకుని చావలేకపోయావా? భార్యలు, పిల్లలు పోరాడితే 2010 డిసెంబరులో ఆ షరతు తీసేశారు. మూడేళ్ళకు పైగా ఒక దేశం తన పౌరుల చావు తేదీని తన ప్రమాణ స్వీకారంతో సరిపోల్చి చూసుకుంది.

మనం నవ్వొచ్చా? మన పేపరు తెరవండి. జిల్లా పేజీలో రోజూ ఉంటుంది. గడ్డి మందు తాగి మృతి. అది చాలాసార్లు పారాక్వాట్. విరుగుడు లేదు. ఎరువుల కొట్టులో ఎవరడిగినా ఇస్తారు. గ్లైఫోసేట్‌ను తెగుళ్ళ నియంత్రణ ఆపరేటర్లే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మీ ఊళ్ళో ఆ ఆపరేటర్ ఎవరో చెప్పండి. ఇల్లు ఎక్కడ? మోటార్ సైకిల్ ఏ రంగు? పోనీ ఎవరైనా చూశారా? కలుపు తీయడానికి కూలీలు దొరకడం లేదని రైతు, కూలి గిట్టడం లేదని కూలీ, ఇద్దరి మధ్యా సంధి కుదిర్చింది డబ్బా. దాని మీద లేబుల్ ఉంటుంది. అక్షరం చీమ తలకాయంత.

ఓంటారియోలో నాకు తెలిసిన ఒక గుడి ఉంది. పేరెందుకు? వచ్చే ఆదివారం అన్నదానం. కందిపప్పు ధర చూసి కమిటీ పెద్దలు గుండె పట్టుకుని ఎర్రపప్పుకు మారారు. బస్తా మీద సస్కాచెవాన్ అని రాసి ఉంది. గుడి ముందు పచ్చిక మాత్రం చూసి తీరాలి. డాండెలయన్లు విరగబూసి ఉన్నాయి. ఒక్క చుక్క మందు పడలేదు.